పది నిమిషాలు దాచుకున్న ఫైలు

నేను ఒక దాపుడు ఫైలును. కంప్యూటర్లో మీరు రాసిందీ చెరిపిందీ మళ్ళీ రాసిందీ వేళతో సహా నాలో దాచుకుంటాను. మీరు కంప్యూటర్ ఆపి ఇంటికి పోయినా నాకు మరుపు రాదు. పుట్టుకతోనే అనుమానం జాస్తి. తెరిచిన ప్రతిసారీ, ఆ రాత ఉన్న అసలు కాగితం నేను వదిలినట్టే ఉందా అని పోల్చుకుంటాను. నా కళ్ళెదుట కాకుండా ఒక్క చుక్క మారినా, ఇది నాది కాదని ముఖం తిప్పుకుంటాను.

నన్ను పుట్టించింది శోభారాణి, నీటి పరీక్షల ల్యాబులో కెమిస్టు. ఒకసారి కరెంటు పోయి సగం రోజు శ్రమ గంగలో కలిశాక నన్ను ఏర్పాటు చేసుకుంది.

ఆ శుక్రవారం ఒక బడి బోరు నీళ్ళ నివేదిక రాసింది. ఫ్లోరైడ్ నాలుగు పాయింట్ రెండు. ఒకటిన్నర దాటితే చాలు, పిల్లల పళ్ళు, ఎముకలు పాడవుతాయి. సాయంత్రం దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఒక కాపీ తీసుకుని వెళ్ళింది.

సోమవారం తెరిచేసరికి ఆ అంకె ఒకటి పాయింట్ రెండుగా మారి ఉంది. ఎవరో వేరే ప్రోగ్రాంలో తెరిచి దిద్దారు. నేను ముఖం తిప్పుకున్నాను. పాత మార్పులు చూపడం కుదరదని తెర మీద సందేశం పడింది. అదే గదిలో కూర్చునే ఆపరేటర్ యాదగిరి మీదికి ఆమె చూపు పోయింది. అతను పిల్లల మీద ఒట్టు పెట్టుకున్నాడు. నాకైతే ఆ ఒట్టు మీదా నమ్మకం కుదరలేదు, ఆమె మీదా కుదరలేదు. ఎందుకో మీకే తెలుస్తుంది.

పెన్‌డ్రైవ్ కాపీని తిరిగి పాత చోట పెట్టగానే నేను గుర్తుపట్టాను. ఆమె ఒక్కొక్క మెట్టే వెనక్కి వెళ్ళింది. నాలుగు పాయింట్ రెండు. దాని వెనక, శుక్రవారం పదకొండున్నరకు, ఆమె చేత్తోనే కొట్టిన ఒకటి పాయింట్ రెండు. అది పది నిమిషాలు అలాగే ఉంది. దానికీ ముందు మళ్ళీ నాలుగు పాయింట్ రెండు.

నన్ను తుడిచేస్తుందనే అనుకున్నాను. ఒక్క మీట చాలు. ఆమె మాత్రం లేచి వెళ్ళి తన పై అధికారి ఇంజనీరు లక్ష్మీకాంతరావును పిలుచుకొచ్చి నన్ను మొదటినుంచి చివరిదాకా చూపించింది.

ఆయన వేలు ఆ పది నిమిషాల దగ్గర ఆగింది. "ఇది కూడా నువ్వే రాసినవా?"

"నేనే సార్. ఆ ఊరి సర్పంచి ఫోన్ చేసిండు. బోరు మూస్తే ఎండలకు పిల్లలకు చుక్క నీళ్ళుండవు, ఒకటి పాయింట్ రెండు అని రాయమన్నడు. మెత్తబడ్డ. తర్వాత మనసొప్పలే, దిద్దిన."

"ఇది చూపియ్యకుంటే నీకు బాగుండు గదా."

"చూపియ్యకుంటే శుక్రవారం నేను నాలుగే రాసిన్నని ఎట్ల నమ్ముతరు సార్?"

ఆయన నాలుగు పాయింట్ రెండు ఉన్న కాగితం మీద సంతకం పెట్టాడు. ఆ వారమే తాగొద్దని గుర్తుగా బోరుకు ఎర్రరంగు పూశారు, బడికి ట్యాంకరు వచ్చింది.

తర్వాత విచారణ జరిగింది. యాదగిరి కాదన్నాడు, సర్పంచి కాదన్నాడు. వేరే ప్రోగ్రాంలో దిద్దిన చెయ్యి ఎవరిదో తేలలేదు. శోభారాణికి మాత్రం ఆ పది నిమిషాలకు మెమో ఇచ్చారు. నన్ను ఒక సీడీలోకి ఎక్కించి సాక్ష్యంగా బీరువాలో పెట్టారు.

చీకట్లో ఒక్కటే ఆలోచన. నన్ను నమ్మి నా ఎదుట తడబడిన మనిషి పేరే నాలో ఉంది. నా కంటపడకుండా పని కానిచ్చినవాడు ఇప్పటికీ ఏ మచ్చా లేకుండా తిరుగుతున్నాడు.