కిరాయి బిళ్ళ

మా ఆయన కోటేష్ బూర్గంపాడు దారిలోని గోదాములో బస్తాలు మోసేవాడు, కాని వాళ్ళన్న తుల్సీరాం పేరు మీద. హమాలీ సంఘం ఇచ్చిన ఇత్తడి బిళ్ళ చొక్కాకు ఉంటేనే అక్కడ బస్తా ముట్టనిస్తారు. సంఘం కొట్లాడి కూలి పెంచింది. దెబ్బ తాకితే దవాఖానా ఖర్చు యజమానే పెట్టేలా ఒప్పించింది. మంచి పనే, కాదనను. కూలి పెరిగేసరికి బిళ్ళకు గిరాకీ పెరిగింది, కొత్త బిళ్ళలివ్వడం మానేశారు. తుల్సీరాం బావ నడుము నొప్పని తండాలో కూర్చుని, తన బిళ్ళ మాకు కిరాయికిచ్చాడు. కూలిలో సగం ఆయనది, మోత మొత్తం మాది. ఆ సగం కోసం వారం వారం బావ భార్య హేమ్లి అక్క గోదాముకు వచ్చేది. ఈ కిరాయిల సంగతి హమాలీలందరికీ తెలుసు, కూలి లెక్కగట్టే యజమాని గుమాస్తాకు తప్ప; ఆయనకు మా ఆయనే తుల్సీరాం, హేమ్లి అక్క అతని భార్య.

మొన్న గోదాములో ఎత్తుగా పేర్చిన బస్తాల నెట్టు ఒరిగి మా ఆయన కాళ్ళ మీద పడింది. వెంటనే ఆపరేషన్ చెయ్యకపోతే కాళ్ళు తీసేయాలన్నాడు భద్రాచలం డాక్టరు. సంఘం నాయకుడు లచ్చయ్య దవాఖానాకు పరుగెత్తుకొచ్చాడు.

"అన్నా, దెబ్బ తాకింది కోటేష్‌కని యజమానికి చెప్పు" అన్నాను.

"కోటేష్ ఎవలమ్మా? మా సంఘంల గా పేరే లేదు. లేనోనికి నేనేం ఇప్పియ్యాలె? బిళ్ళలు కిరాయికి తిరుగుతున్నయని బయటపడితె యజమాని ఒప్పుకున్నయన్నీ ఎగ్గొడ్తడు. ఈడ పండుకున్నది తుల్సీరామే. గట్లయితెనే ఆపరేషన్."

లచ్చయ్య గొంతులో కోపం లేదు. అదే నా ఒళ్ళు మండించింది. ఉతికి ఆరేద్దామని నోరు తెరిచి, మా ఆయన కాళ్ళు చూసి మూసుకున్నాను.

డాక్టరు వచ్చి పేరడిగాడు. మా ఆయన నన్నొకసారి చూసి గోడవైపు మొహం తిప్పుకున్నాడు.

"తుల్సీరాం."

అప్పుడే యజమాని పంపిన గుమాస్తా కాగితాలతో లోపలికొచ్చాడు. కబురు విని వచ్చి మూల నిలబడ్డ హేమ్లి అక్కను చూసి, "ఏమ్మా, జల్దీ రా. నీ మొగనికి ఆపరేషన్, ఏలిముద్ర ఎయ్యి" అన్నాడు.

అక్క నా మొహం చూడలేదు. వేలు ముందుకు చాపింది.

గుమాస్తా నావైపు తిరిగాడు. "నువ్వెవలు?"



"తమ్ముని పెండ్లాన్ని."

"ఈడ పెండ్లామొక్కతే ఉండాలె. నువ్వు బయటికి నడువు."

మంచం మీద మా ఆయన కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. నేను బయటికి నడిచాను.