తుడిచిన ముక్క

కుడిచేత్తో పిడి తిప్పుతూ, ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మడతపెట్టి పట్టుకున్న గుడ్డలోంచి ఫిల్మును జారనిస్తూ గుడ్డమ్మ కళ్ళు మూసుకుంది. ఈ పనికి కళ్ళక్కర్లేదు, వేళ్ళు చాలు. గీత ఉంటే వెంట్రుకలా తగులుతుంది. అతుకు ఉంటే గోరంచులా తగులుతుంది. దుమ్ము మాత్రం తగలదు, గుడ్డ మీద నల్లటి చారగా బయటపడుతుంది. అప్పుడు గుడ్డ మడత మార్చి, స్పిరిట్ సీసా మూతికి ఆనించి ఒక్కసారి బోర్లించి, మళ్ళీ పిడి.

సినిమా హాలు వెనక మెట్ల కింద ఉందా గది. ఒక పొడవాటి బల్ల, దాని రెండు కొసలా రెండు ఇనప కడ్డీలు. ఒక కడ్డీకి తుడవాల్సిన రీలు, రెండో కడ్డీకి తుడిచిన రీలు, దాన్ని తిప్పే పిడి. మధ్యలో తలవంచుకున్న దీపం. కిటికీ ఉంది గానీ తెరవదు, రోడ్డు మీది దుమ్ము వస్తుందని. గోడకు మేకు, మేకుకు పని కోటు. కూర్చోబోయే ముందు కుర్చీ తుడుస్తుంది, లేచాక మళ్ళీ తుడుస్తుంది. అసలు పేరొకటి ఉంది గానీ దానితో పిలిస్తే తనే పలకదేమో. హాల్లో అందరికీ ఆమె గుడ్డమ్మే.

మొగుడు ఈ హాల్లోనే మిషను నడిపేవాడు. అతను పోయాక పాత యజమాని జాలిపడి ఆమెను ఈ బల్ల ముందు కూర్చోబెట్టాడు. పని కొత్త, చంకలో పిల్ల. ఒకరోజు ఫిల్ము మీద ఒక వెంట్రుక ఉండిపోయింది. తెర మీద కథానాయిక ఏడుస్తుంటే ఆవిడ ముక్కు మీదుగా ఆ వెంట్రుక పామంత అయి మెలికలు తిరిగింది. హాలంతా ఈలలు. యజమాని కిందికి వచ్చి, బయటికెళ్తున్న జనం మధ్యలో ఆమెను నిలబెట్టి, "ఇంట్లో నేల కూడా ఇలాగే తుడుస్తావా?" అన్నాడు. నలుగురూ నవ్వారు. నవ్విన వాళ్ళు గుమ్మం దాటేలోపే మరిచిపోయి ఉంటారు. ఆమెకు మాత్రం ఆ నవ్వు చెవిలో జోరీగలా ఉండిపోయింది. ఆనాటి నుంచీ ఆమె చేతిలోంచి వెళ్ళిన రీలు మీద ఒక్క నలుసు కనిపించిందన్న మాట లేదు. ఇంట్లోనూ అంతే. "మా అమ్మకి దేవుడు ప్రత్యక్షమైనా ముందు కాళ్ళు తుడుచుకుని రమ్మంటుంది," అంటుంది కూతురు.

ఇప్పుడు సినిమాలు అరచేతిలో పట్టే పెట్టెల్లో వస్తున్నాయి. రీలు అమావాస్యకో పున్నానికో ఒకటి. అదీ ఫిల్ము సంఘం వాళ్ళు తెచ్చినప్పుడు. ఇవాళ పొద్దున మేనేజరు తెచ్చిచ్చిందీ అలాంటిదే, బిళ్ళంత చిన్న రీలు.

"గుడ్డమ్మా, సాయంత్రం సంఘం వాళ్ళ షో. ఇది వేరే రకం. కాస్త జాగ్రత్తగా చూడు."

"ఏ రకమైతే ఏం బాబూ? దుమ్ము ఒకటే రకం."

అతను నవ్వి ఇంకా ఏదో చెప్పబోయాడు. జేబులో ఫోను మోగింది. మాట్లాడుకుంటూ మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

జాగ్రత్త అని ఆమెకు ఒకరు చెప్పాలా! ఆడి వచ్చిన రీలుకు ఎప్పుడూ చివరి కొసే పైకి ఉంటుంది కనక ఆమె చివరి నుంచే మొదలుపెడుతుంది. ఇదీ అలాగే చుట్టి ఉంది. గుడ్డ తడిపి, కొస పట్టి, కళ్ళు మూసుకుని పిడి తిప్పింది. వేళ్ళ కింద ఇసుక నడిచినట్టయింది. తెరిచి చూస్తే గుడ్డ మీద చార. నల్లగా లేదు, గోధుమరంగులో ఉంది. "ఛీ! ఇలా ఉంచుతారా ఎవరైనా? ఏ మూల పడేశారో," అనుకుంది. ఎవరో తెలియని ఆ మనిషి తరఫున తనే సిగ్గుపడింది. మడత మార్చింది, స్పిరిట్ మరికాస్త ఒంపింది. గరగరలాడుతున్నది మెత్తబడింది, మెత్తబడినది జారింది. తుడిచిన మేర ఫిల్ము అద్దంలా మెరుస్తుంటే పసిబిడ్డకు స్నానం చేయించినంత తృప్తి కలిగింది. అలా ఎంతసేపు తిప్పిందో.

ఉన్నట్టుండి వేలికి ఏదో తగిలింది. గీత కాదు, అతుకు కాదు. పైన టేపు ఉంది, దాని కింద మెత్తటి ఉబ్బు.

కళ్ళు తెరిచి ఫిల్మును దీపానికి ఎత్తి పట్టింది. టేపు కింద ఒక పూరేకు, ఫిల్ము వెడల్పుకు సరిగ్గా కత్తిరించి ఉంది. దాని తర్వాత ఆకు ఈనె. గడ్డిగింజ. మళ్ళీ పూరేకు. పురుగు రెక్క, దాని పక్కనే దానికి జోడు రెక్క. దుమ్ముకు వరస ఉండదు. వీటికి ఉంది.

గుడ్డ వైపు చూడాలంటే భయమేసింది. చూసింది. విరిగిన రెక్కలు, వెంట్రుకల్లాంటి కాళ్ళు, వేలితో తాకితే అంటుకునే బంగారు గోధుమరంగు పొడి.

"అయిందా?" గుమ్మంలో మేనేజరు.

గుడ్డ పిడికిట్లోకి వెళ్ళిపోయింది. "అయింది బాబూ."

"భలే రీలులే అది. మనిషి లేడు, మాట లేదు, అసలు కెమెరానే లేదట. దీన్ని చేసిన పెద్దావిడ ఆకులూ రెక్కలూ ఏరి ఫిల్ము మీద ఒక్కొక్కటే అంటించిందట. చివరి ముక్క మీద టేపు కూడా వెయ్యలేదట, ఉత్త జిగురే. ఒక్కసారి ఆడితే రాలిపోతుందట. అందుకే జాగ్రత్తన్నాను."

ఈ మాట పొద్దున చెబితే నీ సొమ్మేం పోయేదయ్యా, అనుకుంది. పైకి అనలేదు. అంటే, ఏం చేశావని అడుగుతాడు. చెప్తే నలుగుర్నీ పిలుస్తాడు. ఇంట్లో నేల కూడా ఇలాగే తుడుస్తావా? అప్పుడు తుడవనందుకు, ఇప్పుడు తుడిచినందుకు. పిడికిలి కోటు జేబులోకి పోయింది, ఖాళీగా బయటికొచ్చింది. రీలును తిరగచుట్టి అతని చేతిలో పెట్టింది.

సాయంత్రం ఆ పెద్దావిడ సూట్‌కేసుతో సహా వచ్చింది. సన్నటి మనిషి, చెయ్యి వేస్తే విరుగుతుందేమో అన్నట్టు ఉంది. ఇల్లు ఖాళీ చేసేసిందట, షో అవగానే రైలెక్కి చెల్లెలి దగ్గరికి పోతుందట. మేనేజరు సూట్‌కేసును మెట్ల కింద గదిలో పెట్టించాడు. "కాస్త చూస్తుండండి," అని ఆవిడ గుడ్డమ్మతో అంది. ఆవిడ వేలికొసలు జిగురు ఎండి పొలుసులు లేస్తున్నాయి. గుడ్డమ్మ తన వేళ్ళు చూసుకుంది. స్పిరిట్‌కు మాడి తెల్లబడి ఉన్నాయి. కోటు వెనక దాచుకుంది.

షో మొదలయ్యాక హాలు వెనక, తలుపు పక్కన గోడకు ఆనుకుని నిలబడింది. అరహాలు కూడా నిండలేదు. తెర మీద గోధుమరంగు మెరుపొకటి పోయింది. తర్వాత ఆకుపచ్చ. తర్వాత ఏవో ఈనెలు, నరాలు, ఒకదాన్నొకటి తరుముకుంటూ.

"మేనేజరూ, మిషను చూసుకో!" అన్నారెవరో.

"ఇంకా పేర్లు పడుతున్నాయా?"

"సీతాకోకచిలుక! అమ్మా, సీతాకోకచిలుక! అయ్యో, పోయింది," అంది ఒక పిల్ల.

"మా పెరడు ఊడ్చి చేట తెచ్చి తెర మీద దులిపినట్టుంది," అన్నాడొకడు ముందు వరసలో.

"నోర్ముయ్యరా, కళ!" అన్నాడు వాడి పక్కవాడు. నవ్వులు. ఒక జంట లేచి, వంగి, తెర మీద తమ నీడలు పడేస్తూ వెళ్ళిపోయింది. ఒకావిడ కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుంది. గుడ్డమ్మ చూపు తెర మీద కన్నా పెద్దావిడ తల మీదే ఎక్కువ ఉంది. నవ్వులు లేచినప్పుడల్లా ఆ తల కదలకుండా నిలిచిపోయేది.

కాసేపటికి నవ్వులు వాటంతటవే సద్దుమణిగాయి. కంటికి అలవాటయిందో ఏమో, రెక్కలు రెక్కల్లా ఎగరడం మొదలుపెట్టాయి. పూరేకులు ఊపిరి తీస్తున్నట్టు తెరుచుకుని మూసుకున్నాయి. చేట మాటన్నవాడు ముందుకు వంగి కూర్చున్నాడు.

అప్పుడు తెర తెల్లబడింది.

ఉత్త తెలుపు. కడిగిన పళ్ళెంలా ఉంది. మిషను తిరుగుతూనే ఉంది. పెద్దావిడ తల ఒక్కసారి మిషను గది వైపు తిరిగి, మళ్ళీ తెర వైపు తిరిగింది.

"అయిపోయిందా?"

"ష్!"

ఎవరూ కదలలేదు. ఆ తెలుపులో ఒక్క నలుసు లేదు. ఒక్క గీత లేదు. ఇన్నేళ్ళలో ఇంత శుభ్రమైన వెలుగు ఆ తెర మీద పడలేదు. గుడ్డమ్మకు భూమి చీలితే బాగుండుననిపించింది.

దీపాలు వెలిగాక సంఘం పెద్ద లేచాడు, లావుపాటి కళ్ళజోడాయన. "అన్నీ చూపించి, చివరికి ఏమీ చూపించకపోవడం! ఆ తెలుపు చూస్తుంటే నాకు..." అని ఆగి కళ్ళజోడు తీశాడు. "మా అమ్మ పోయిన పొద్దున మంచం మీద దుప్పటి అలాగే ఉంది. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు." వెనక ఒకావిడ ముక్కు చీదింది. "అక్కడ ఖాళీ ఉంచాలని మీకెలా తట్టిందమ్మా?"

పెద్దావిడ నెమ్మదిగా లేచింది. "నేను ఖాళీ..." అని మొదలుపెట్టింది. ఆయన తడి కళ్ళు చూసింది. మాట మార్చింది. "అది నేను అనుకున్నది కాదండీ. మీకు నచ్చితే మంచిదే."

ఎంత వినయమో అనుకుని అందరూ చప్పట్లు కొట్టారు. గుడ్డమ్మకు ఒక్కో చప్పట్టూ చెంప మీద పడింది. ఇప్పుడు చెప్పాలి, నేనే తుడిచానని. నోరు తెరిచింది. అన్ని చప్పట్ల మధ్య ఎవరికి వినపడుతుంది? చప్పట్లు ఆగాక చెబుదామనుకుంది. ఆగాయి. ఆమె మెట్ల కింద గదిలోకి వెళ్ళిపోయింది.

సూట్‌కేసు కోసం పెద్దావిడ మెట్ల కింద గదికి వచ్చింది. రీలు డబ్బా చేతిలో ఉంది.

"దీన్ని మీరే చూశారట కదండీ?"

"అవునమ్మా."

"చివరి ముక్క అప్పటికే అలా ఉందా? దార్లో కుదుపులకు రాలిపోయిందేమో అనుకుంటున్నా."

ఆవిడే దారి చూపించింది. గుడ్డమ్మ ఆ దారినే పోయింది. "రాలిపోయినట్టుందమ్మా."

పెద్దావిడ మూత తీసి డబ్బా అడుగున వేలితో రాసి చూసుకుంది. "పొడైనా లేదే."

"డబ్బా తుడిచానమ్మా."

"ఆ పొడి?"

"పారేశాను."

కోటు జేబులో గుడ్డ బరువెక్కింది. పెద్దావిడ మూత పెట్టి కుర్చీలో కూర్చుంది. రైలుకు ఇంకా టైముందేమో.

"మా ఆయన మంచం పట్టాక నేను ఆ గది దాటింది లేదు. గదిలోకి ఏదొస్తే అదే అంటించాను. చూడ్డానికొచ్చిన వాళ్ళు తెచ్చిన పూలు, కిటికీలోంచి వచ్చిన ఆకులు. చివరి ముక్క మటుకు ఆయన తలవైపు దీపం కింద రాలిన పురుగుల రెక్కలు. ఆఖరి రోజుల్లోవి. టేపు వేసే ఓపిక లేకపోయింది. అయినా పోయేవాటికి టేపెందుకు, నలుగురితో కూర్చుని ఒక్కసారి చూద్దాం, తర్వాత రాలితే రాలనీ అనుకున్నా." కాస్త నవ్వింది. "పోనీలెండి. ఆ కళ్ళజోడాయనకు మాత్రం చెప్పకండి. పాపం, వాళ్ళమ్మ గుర్తొచ్చింది."

ఆవిడ చూపు కోటు జేబు దగ్గర ఒక్క క్షణం ఆగింది. ఆగిందో, గుడ్డమ్మకే అలా అనిపించిందో.

"మీ వేళ్ళు కూడా నా వేళ్ళలాగే పాడయ్యాయి. నూనె రాసుకోండి," అని సూట్‌కేసు అందుకుంది. గుడ్డమ్మ గుమ్మం దాకా వెళ్ళింది. ఆవిడ ఆటో ఎక్కింది. ఆటో మలుపు తిరిగింది. గుడ్డమ్మ చెయ్యి జేబులోనే ఉండిపోయింది.

ఇంటికి వెళ్ళేసరికి కూతురు తన పిల్లాడి నుదుటి మీద చెయ్యి వేసి కూర్చుంది. వాడు తుమ్మినా దానికి గుండె ఆగుతుంది.

"అమ్మా, ఒకసారి చూడవే, వెచ్చగా లేదూ?"

"నీ చెయ్యే చల్లగా ఉంది. వాడికేం, బంగారంలా ఉన్నాడు."

"సరే, నీ గుడ్డ ఇటియ్యి. వాడి గుడ్డలతో పాటు నానబెడతా."

"వద్దు."

"అదేంటి, ఎన్నడూ లేనిది?"

"వద్దన్నానా!"

పిల్లాడు ఉలిక్కిపడి ఏడుపందుకున్నాడు. గుడ్డమ్మ వెనక గదిలోకి పోయి, దీపం కింద గుడ్డ విప్పింది. విరగని రెక్క ఒక్కటి మిగిలింది, గోరంత. చిన్న పట్టకారుతో తీయబోయి మానేసింది. ఎక్కడిదో, దేని తర్వాతిదో తనకేం తెలుసు? గాలి తగలకుండా మడతపెట్టి, పాత రీలు డబ్బాలో పెట్టి, బట్టల కింద దాచింది.

మేనేజరును అడిగితే ఆ చెల్లెలి చిరునామా దొరుకుతుంది. ఎందుకని అడుగుతాడు. రోజూ పొద్దున ఆ మాట నోటిదాకా తెచ్చుకునేది. రోజూ మింగేది. రేపు అడుగుదాంలే అనుకుంటూ, ఆడని పాత రీళ్ళను తీసి, తుడిచినవాటినే మళ్ళీ తుడిచేది.

చలి ముదిరాక ఒక పొద్దున మెట్ల కింద పిడి చప్పుడు ఆగిపోతే మేనేజరు వెళ్ళి చూశాడు. గుడ్డమ్మ వేళ్ళ మధ్య గుడ్డ ఉంది, గుడ్డలో ఫిల్ము ఉంది. కళ్ళు మూసుకుని ఉంది. ఆమె ఎప్పుడూ అంతే కదా అని అతను కాసేపు అలాగే నిలబడ్డాడు.

అమ్మ పోయాక ఆమె బట్టలు సర్దుతుంటే కూతురికి ఆ డబ్బా దొరికింది. మూత తీసి, గుడ్డ విప్పి, గబుక్కున మూసేసింది. గదిలో ఇరుగుపొరుగు వాళ్ళున్నారు. పురుగుల కాళ్ళు, మరకలు, పొడి! అద్దంలాంటి మనిషి, చివరికి కళ్ళు కనపడక ఇలా అయిందేమో. బిడ్డ గొడవలో పడి అమ్మ సంగతే చూసుకోలేదు. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు? కళ్ళు తుడుచుకుని, గుడ్డను దొడ్లోకి తీసుకెళ్ళి తూముకేసి దులిపింది. నానబెట్టింది, సబ్బు రాసింది, అమ్మ ఉతికినట్టే ఉతికింది, మరక పోయేదాకా.

మధ్యాహ్నానికి పిల్లాడి గుడ్డల పక్కన తీగ మీద అదీ ఆరుతోంది, ఎండకు కళ్ళు చెదిరేంత తెల్లగా, ఒక్క నలుసు లేకుండా.