బీరువా గారి బిరుదు

కింద అద్దాలు కోసే దుకాణం, పైన ఇల్లు, రెంటికీ మధ్య ఇరుకు మెట్లు. అల్లుడి సంసారమంతా ఆ మెట్లెక్కడం, దిగడంతోనే సరిపోతోంది. పెళ్ళైన కొత్తలో మామగారు "ఓ ఏడాది మాతో ఉండి పని నేర్చుకో" అన్నారు. పని ఏడాదిలోనే వచ్చేసింది. ఉండటం మాత్రం ఆరేళ్ళుగా సాగుతూనే ఉంది. ఉండమని ఎవరూ బతిమాలలేదు, పొమ్మని ఎవరూ అనలేదు. వెళ్తానని చెప్పే నోరు ఇతగాడికి లేదు. అన్నం దగ్గర మారు వడ్డించమనడానికి కూడా భార్య మొహం వైపు చూసే మనిషి.

ఇప్పుడు వేరే ఊళ్ళో పెద్ద పెద్ద భవనాలకి కిటికీ అద్దాలు బిగించే కంపెనీవాళ్ళు రమ్మన్నారు. ఉండటానికి రెండు గదులిస్తారట. తలుపేసుకుంటే లోపల తనూ, తన భార్యా, అంతే. ఆ మాట తలుచుకుంటేనే అతనికి ప్రాణం లేచొచ్చింది. అవునో కాదో సాయంత్రంలోగా చెప్పాలి.

"నాన్నకి మీరే చెప్పాలి," అంది భార్య. "నేను చెబితే నేనే మిమ్మల్ని ఎగదోసినట్టుంటుంది. మీరు చెప్పిన నిమిషంలో పెట్టె సర్దుతాను. చెప్పలేకపోతే మాత్రం ఇంకెప్పుడూ నా దగ్గర ఈ ఊసెత్తకండి."

పొద్దున్నుంచీ అతను నోరు తెరవడం, దాన్ని ఆవలింతగా మార్చేసి మూసెయ్యడం. మామగారి దుకాణంలో ఒక కట్టుబాటుంది. గాజు మీద గీత గీస్తున్నప్పుడు ఎవరూ మాట్లాడకూడదు. గీత ఒక్క ఊపులో పడాలి, చెయ్యి తడబడితే పలక ఎటు పడితే అటు పగులుతుంది. అల్లుడికి ఈ కట్టుబాటు ఎంత నచ్చిందంటే, గీతలు గియ్యని వేళల్లో కూడా దాన్నే పాటించేవాడు. భోజనాల వేళ దాకా నీళ్ళు నమిలి, అన్నం తిని, బావమరిది గదిలో దూరాడు.

బావమరిది చదువు పూర్తి చేసి ఉద్యోగం వెతుకుతున్నాడు. వెతుకులాట మంచం మీద పడుకునే సాగుతోందన్నది వేరే సంగతి. ఎవరో విదేశం నుంచి తెచ్చి అమ్మిన, టీవీకి తగిలించి ఆడే కుస్తీల ఆట ఒకటి వాడి దగ్గరుంది. బొమ్మల సినిమాల్లోలా చేటంత కళ్ళు, రంగురంగుల జుట్లు, మనిషిని మించిన కత్తులు. తెర మీద అక్షరం ముక్క కూడా ఇద్దరికీ అర్థం కాదు. అందుకని అన్నిటికీ వీళ్ళే నామకరణం చేసేశారు. నీలం జుట్టు పిల్ల పేరు పాలపిట్ట. బావమరిది ఎప్పుడూ ఆ పిల్లతోనే ఆడతాడు. ఇనప కవచం తొడుక్కున్న భారీకాయం పేరు బీరువా. ఆ బీరువా మన అల్లుడిది.

ఆట తీరు వినడానికి తేలికే. ఎదుటివాడి నుంచి వెనక్కి జరిగే వైపు మీట నొక్కి పట్టుకుంటే దెబ్బ కాచుకున్నట్టు. పైనుంచి వచ్చే దెబ్బని నిలబడి కాచుకోవాలి, కాళ్ళకి వచ్చేదాన్ని కూర్చుని కాచుకోవాలి. ఒక్క దెబ్బ తగిలిందా, దాని వెనకే ఇంకోటి, ఇంకోటి, గాల్లోకి లేపి మరీ కొడతారు. కిందపడే దాకా మీ మీటలు మీ మాట వినవు. అందుకే అల్లుడు అసలు కొట్టడు. వెనక్కి నొక్కి పట్టుకుని, తెర మూలకి చేరి, అక్కడ బిగదీసుకుని కూర్చుంటాడు. పాలపిట్ట ఎగిరి తన్నినా, దొర్లి తన్నినా బీరువా కదలదు.

అలా చాలాసేపు కాచుకున్నాక ఒక విశేషం జరుగుతుంది. గంట మోగుతుంది. తెర ఎర్రగా మెరిసి, ఇంతింత బంగారు అక్షరాలు పడతాయి. బీరువా కాళ్ళ దగ్గర, కాచుకునేకొద్దీ నిండుతూ వచ్చిన బలం పట్టీ ఖాళీ అయిపోతుంది. ఆ బలం ఒంట్లోకి ఎక్కిందని వీళ్ళ లెక్క. ఎక్కినట్టు ఎన్నడూ కనబడలేదనుకోండి, అది వేరు. ఆ అక్షరాలకి బిరుదని పేరు పెట్టుకున్నారు. బావమరిదికి అది ఒక్కసారి కూడా రాలేదు. అల్లుడికి రోజూ వస్తుంది. ఆ ఇంట్లో అతను తలెత్తుకోగలిగిన సంగతి అదొక్కటే. "ఓర్పున్నవాడికే ఇస్తారురా," అని భార్య వినేలా గట్టిగా అనేవాడు కూడా.

ఆ మధ్యాహ్నం కూడా బిరుదు పడింది. అక్షరాలు తెర మీద ఉండగానే బావమరిది ఆటని ఆపాడు.

"ఉండు బావా, ఫోన్లో కొత్త యాప్ వేశా. కెమెరా చూపిస్తే ఏ భాషైనా తెలుగులో చెప్పేస్తుందంట. నీ బిరుదేంటో చూద్దాం."

ఫోను తెరకేసి పట్టుకున్నాడు. చదివాడు. మళ్ళీ చదివాడు. మంచం మీద వెల్లకిలా పడి పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు.

"ఏంట్రా?"

"'పోరాడకుండా వెనకడుగు వేస్తున్నందుకు శిక్ష. కూడబెట్టిన బలమంతా జప్తు.' బావా, ఇన్నాళ్ళూ నిన్ను తిడుతున్నార్రా బాబూ వాళ్ళు!"

అల్లుడికి తల కొట్టేసినట్టయింది. నవ్వుదామని పెదాలు సాగదీశాడు గానీ నవ్వు రాలేదు. ఆటలో ఓడిపోవడం అతనికి కొత్త కాదు. కానీ ముఖం మీద తిట్టిన తిట్టుని మెడలో దండలా వేసుకుని ఊరేగానే అని ఒళ్ళు మండిపోయింది. తిట్టింది ఎవరో దూరదేశపు ముక్కూమొహం తెలియనివాడు. అయినా అన్నది నిజమే. ఆరేళ్ళుగా మెట్ల మధ్య మూలన పడి ఉన్నాడు, ఉన్న కాస్త సత్తువా ఆవిరైపోతోంది, దానికి ఓర్పని పేరు.

మీటలు మంచం మీద పడేసి చరచరా మెట్లు దిగాడు. తమాషా చూద్దామని బావమరిది కూడా వెంటపడ్డాడు.

కింద మామగారు బల్ల మీద నిలువెత్తు పలక పరిచి అల్లుడి కోసమే చూస్తున్నారు. బల్ల దాటి వేలాడుతున్న చివర అతను పట్టుకోవాలి. పట్టుకున్నాడు. ఇక రెండు చేతులూ కదపడానికి లేదు. మామగారు గాజు కోసే డైమండ్ కలం కిరసనాయిల్లో ముంచి, కొలబద్ద ఆనించి, గీత మొదలుపెట్టారు. గీత సగంలో ఉండగా అల్లుడు నోరు తెరిచాడు. గీత పూర్తయ్యే దాకా ఆగితే మళ్ళీ ఆవలింతే వస్తుందని అతనికి తెలుసు.

"మామయ్యా, నాకు వేరే ఊళ్ళో పని దొరికింది. మేం వెళ్ళిపోతాం."

బావమరిది నాలిక్కరుచుకున్నాడు. మామగారి చెయ్యి ఆగలేదు, వణకలేదు. గీత చివరంటా పోయింది. ఆయన కలం పక్కన పెట్టి, పలకని కిందికి నొక్కి టప్పుమని విరిచారు. అంచు వేలితో తడిమి చూసుకున్నారు.

"సరే, వెళ్ళండి."

అల్లుడు విరిగిన ముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. తిట్లకీ, అలకకీ, చివరికి కన్నీళ్ళకీ కూడా సిద్ధపడి వచ్చిన మనిషి, 'సరే' అంటే ఏం చెయ్యాలో మాత్రం ఆలోచించుకోలేదు.

"సరేనా?"

"ఏడాది ఉండమన్నా గదా. ఆ తర్వాత నీకిక్కడే బాగుందనుకున్నా. ఒక్కసారైనా అడిగితే కదయ్యా! అడిగితే వద్దన్నానా?"

వద్దనలేదు. ఆ మాటకి అల్లుడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తలుపు బయటనుంచి గడియ పెట్టి ఉంటే ఈ ఆరేళ్ళూ పోయినందుకు తిట్టుకోవడానికి ఎవరో ఒకరు మిగిలేవారు.

మామగారు కొత్త పలక తీస్తూ కొడుకు వైపు తిరిగారు.

"ఒరేయ్, రేపట్నుంచి ఈ చివర నువ్వు పట్టుకో."

బావమరిది మొహంలో నవ్వు ఎక్కడిదక్కడ చచ్చిపోయింది. "నేనా? నాన్నా, నేను ఉద్యోగం..."

"దొరికిందా?"

"లేదు."

"దొరికేదాకా పట్టుకో."

ఆయన లోపలి గదిలోకి వెళ్ళగానే వాడు అల్లుడి మోచెయ్యి పట్టుకున్నాడు. "బావా, చెప్పు బావా. నాకీ పని రాదని చెప్పు. ఇంకో ఏడాది ఉంటానను. నీ మాటైతే వింటాడు."

వింటారు. ఆ సంగతి ఇప్పుడే తేలింది. ఒక్క మాట అంటే చాలు, వాడు పైకెళ్ళి మంచమెక్కుతాడు, తను బల్ల చివర మిగిలిపోతాడు. వాడి మీద అతనికి ప్రేమే. ఇన్నేళ్ళుగా ఈ ఇంట్లో తనతో కూర్చుని నవ్వినవాడు వీడొక్కడే.

అల్లుడు నోరు తెరిచాడు. మూసేశాడు. మోచెయ్యి మెల్లగా విడిపించుకుని, పెట్టె సర్దమని భార్యకి చెప్పడానికి మెట్లెక్కాడు. వెనకనుంచి "బావా" అని మళ్ళీ వినబడింది. అతను ఆగలేదు.