గోత్రం, నక్షత్రం చాలు

అమెరికాలోని ప్లెయిన్స్‌బరో గుడి బేస్‌మెంట్ హాల్లో ప్రతి శనివారం పొద్దున పదింటికి మనశ్శాంతి వర్క్‌షాప్ జరుగుతుంది. ముందు పది నిమిషాలు ధ్యానం, ఆపైన భజన. తర్వాత ఎవరో ఒక వక్త ఒత్తిడిని జయించడం ఎలాగో రెండు శ్లోకాలు చదివి చెబుతారు. ఆఖరున పులిహోర, దద్దోజనం. మూడేళ్లుగా దీన్ని ఒంటిచేత్తో నడిపిస్తున్నది లీలావతి. ఆవిడ మంచి మనిషి. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. లేకపోతే చదివేవారు తప్పంతా ఒక చెడ్డ మనిషి మీద వేసి హాయిగా పేజీ తిప్పేయగలరు.

హాల్లో ఓ మూల చెక్కపెట్టె ఉంది. మనసులోని బాధ చీటీ మీద రాసి అందులో వేయవచ్చు. పేరు రాయనక్కర్లేదు. కానీ పూజారి చక్రపాణి గారు వాళ్ల తరఫున సంకల్పం చెప్పాలి కదా! అందుకని లీలావతి అర్చన టికెట్ల నమూనాలోనే చీటీలు అచ్చు వేయించింది. పేరు గడి తీసేసి, గోత్రం, నక్షత్రం గడులు ఉంచింది.

"పేరెందుకండీ, గోత్రం, నక్షత్రం చాలు. ఎవరిదో ఆ దేవుడికి తెలియదా?" అని మురిసిపోయేది.

దేవుడి మాట అటుంచండి. పెళ్లీడు పిల్లల తల్లులు అంతమంది కూర్చునే హాల్లో, ఎవరి గోత్రం ఏమిటో, ఎవరిది ఏ నక్షత్రమో తెలియనిది ఎవరికి?

మార్చిలో ఒక శనివారం చీటీలు సర్దుతూ ఒకదాని దగ్గర లీలావతి ఆగిపోయింది. "పాపని ఎత్తుకోవాలంటే భయంగా ఉంది. ఏడుపు ఆగదు. పాపదీ, నాదీ. నేను లేకపోతేనే అందరికీ బాగుంటుందనిపిస్తోంది" అని రాసి ఉంది. కింద మౌద్గల్యస గోత్రం, ధనిష్ఠా నక్షత్రం.

ఆలోచించాల్సిన పనే లేదు. అక్షయ్, దేదీప్యల కూతురి బారసాలలో పీటల పక్కన పళ్లెం పట్టుకుని నిల్చుని, తల్లి గోత్రం, నక్షత్రం పూజారికి అందించింది తనే. అది జరిగి నాలుగు నెలలయింది. పార్కింగ్ లాట్ దాటితే వాళ్ల అపార్ట్‌మెంట్.

లీలావతి వెంటనే వెళ్దామనుకుంది. వెళ్లి ఏమని మాట్లాడాలి? ఇంట్లో అత్తగారుంది, ఏమనుకుంటుందో! వెళ్లలేక, ఊరుకోలేక, వర్క్‌షాప్‌కి వచ్చే చాముండేశ్వరికి ఫోన్ చేసింది.

"చాముండేశ్వరి గారూ, ఎవరితోనూ అనకండి. మన దేదీప్యకి మనసేం బాగాలేదు. పాపని ఎత్తుకోవాలంటే భయపడుతోందట. మీరూ రోజూ లలితా సహస్రనామం చదవండి ఆ పిల్ల కోసం."

"అయ్యో రామా! మన సత్సంగం గ్రూప్‌లో పోస్ట్ చేస్తాలెండి, పేరు పెట్టకుండా. నలుగురూ చదివితే మంచిదేగా."

పేరు పెట్టలేదు. మౌద్గల్యస గోత్రం, ధనిష్ఠా నక్షత్రం గల ఒక బాలింత కోసం అని మాత్రమే పెట్టింది, ఎందుకని అడిగినవాళ్లకి భయం సంగతి చెప్పింది. నలభై ఇద్దరు నమస్కారం గుర్తు పెట్టారు. భక్తిగానే చదివారు, అందులో అనుమానం లేదు. బుధవారం వాకింగ్ ట్రెయిల్ మీద వారిలో ఒకావిడ దేదీప్య అత్తగారిని పక్కకి పిలిచి, "కోడలు పాపని ఏదో చేసేస్తానంటోందట, కాస్త కనిపెట్టి ఉండండి" అని చెవిన వేసింది. భయం అన్న మాట మూడు నోళ్లు మారేసరికి బెదిరింపు అయి కూర్చుంది.

అత్తగారి విజిటర్ వీసా ఆరు నెలల గడువు ఎలాగూ దగ్గర పడింది. వేసవిలో అందరూ ఊరెళ్దామని పాపకి ముందే తీయించిన పాస్‌పోర్టు, వీసా ఇప్పుడిలా పనికొచ్చాయి. అక్షయ్ తల్లి టికెట్ ముందుకు మార్చి, పాపకీ ఒకటి తీశాడు. అతని వీసా ఎక్స్‌టెన్షన్, దాని మీదే ఆధారపడిన దేదీప్యదీ ఇంకా పెండింగ్. ఇప్పుడు దేశం దాటితే తిరిగి రావడం ఎప్పటికో తెలియదు కాబట్టి దేదీప్య కదలడానికి లేదు. పదో రోజుకి నాయనమ్మ చంకనెక్కి పాప విమానం ఎక్కింది.

మర్నాడు శనివారం. వర్క్‌షాప్‌లో చాముండేశ్వరి లీలావతి చేతులు పట్టుకుంది.

"మన ప్రార్థన ఫలించిందండీ! చంటిది గండం గట్టెక్కి నాయనమ్మతో ఇండియా వెళ్లిపోయింది."

లీలావతి పులిహోర డబ్బా చేతిలో ఉండగానే బయల్దేరింది, ఇన్నాళ్లూ దాటలేని ఆ పార్కింగ్ లాట్ దాటి.

దేదీప్య తలుపు తీసింది. కుర్తా ముందు భాగం తడిసి ఉంది. తాగే బిడ్డ లేక పాలు కారిపోతున్నాయి.

"నీ మంచికేనమ్మా... ఇలా అవుతుందనుకోలేదు. ఆ చీటీ..."

"చీటీలో గోత్రం, నక్షత్రం ఖాళీగా వదిలేయొచ్చు ఆంటీ. చాలామంది వదిలేస్తారు. నేను కావాలనే రాశాను. చీటీలు సర్దేది మీరే కదా, చూడగానే నేనని తెలిసి, సాయంత్రంలోగా వస్తారని."

లీలావతి పులిహోర డబ్బా గుమ్మం పక్కన పెట్టింది.

"చీటీ వేశాక వచ్చే సోమవారానికి డాక్టర్ అపాయింట్‌మెంట్ బుక్ చేసుకున్నా. నాకు డ్రైవింగ్ రాదు. అక్షయ్‌ని అడిగితే ఓవర్‌గా థింక్ చేస్తున్నావన్నాడు. మీరైతే కార్‌లో తీసుకెళ్తారనుకున్నా. ఆ రోజు మధ్యాహ్నం దాకా షూస్ వేసుకుని సోఫాలోనే కూర్చున్నా." గొంతు పెంచకుండానే అంది. "మీకు తెలిసింది ఆంటీ. అందరి దగ్గరకీ వెళ్లింది ఆ సంగతి. మీరు నా దగ్గరకి మాత్రం రాలేదు."

రెండు రోజులకి, సోమవారం, మళ్లీ అపాయింట్‌మెంట్ తీసుకుని లీలావతి ఆమెని డాక్టర్ దగ్గరకి తీసుకెళ్లింది. ప్రసవమయ్యాక ఎంతోమంది తల్లులకి వచ్చే జబ్బే ఇది, చికిత్స ఉంది, తగ్గుతుంది, కాస్త తోడు ఉంటే పాపని దగ్గరే పెట్టుకోవచ్చు అంది డాక్టరమ్మ. "పాప ఎక్కడ?" అని అడిగింది.

తర్వాతి శనివారం భజన అయ్యాక లీలావతి లేచింది. జరిగిందంతా చెప్పింది, దేదీప్య పేరు మాత్రం ఎత్తలేదు. ఎవరికీ అక్కర్లేదు కూడా, అందరికీ తెలుసు. చాముండేశ్వరి తల వంచుకుని చీర అంచు సర్దుకుంటోంది.

"మరి సంకల్పం మానేద్దామంటారా?" అని ఎవరో నొచ్చుకున్నారు.

చక్రపాణి గారే అందుకున్నారు. "మానొద్దమ్మా, నేను చెబుతూనే ఉంటాను. కానీ నేను సంకల్పం చెప్పానని మీరు కదలడం మానేస్తే, ఆ పాపం నా మంత్రానికీ అంటుకుంటుంది."

లీలావతి ఖాళీ పెట్టె ఎత్తుకుంది.

"ఒకరి బాధ మన చెవిన పడితే దాన్ని మోసుకెళ్లాల్సిన గుమ్మం ఒక్కటే, ఆ బాధపడేవాళ్ల గుమ్మం. నేను అదొక్కటీ వదిలేసి ఊరంతా తిరిగాను."