చెమట గుడ్డ

ఊళ్ళో పూజలు చేసే దిసారి మంగ్లు గుప్పెట్లోకి బియ్యం తీసుకున్నాడో లేదో, మలుపు దగ్గర జీపు చప్పుడైంది. ఆ ఊరికి జీపు రావాలంటే ఓట్లన్నా రావాలి, అటవీ శాఖవాళ్ళకి కోపమన్నా రావాలి. రెండూ లేని రోజున వచ్చిన జీపుని చూసి వాకిట్లో కూర్చున్నవాళ్ళంతా లేచి నిలబడ్డారు. కనక మాత్రం లేవలేదు. ఎవరొచ్చినా లేవాలనిపించని రోజులవి.

కనక మొగుడు ఫల్గుణ పోయి అప్పటికి రెండు సంతలు దాటాయి. పోయింది ఇక్కడ కాదు. రెండు రైళ్ళు మారితే వచ్చే సముద్రపు ఒడ్డున ఒక అణు కరెంటు ప్లాంటు ఉంది. అందులో పరంజా విరిగి పడిపోయాడు. పెట్టెలో తెచ్చారు. పెట్టె మూతకి సీలు వేసి ఉంది. తెచ్చిన మేస్త్రి మనుషులు తెరవొద్దన్నారు, ఎందుకని అడిగితే రూలన్నారు. శవానికి స్నానం చేయించడానికి కాచి ఉంచిన నీళ్ళని ఆడవాళ్ళు చెట్ల మొదట్లో పారబోశారు. పెట్టెతో సహా పూడ్చారు. లోపల ఉన్నది ఫల్గుణే అని అందరూ నమ్మారు. నమ్మక చేసేదేముంది?

కనక ఏడవలేదు. మొగుడు పోతే ఏడవని ఆడదాన్ని ఊరు అంత తేలిగ్గా వదలదు. నోరు నొక్కుకున్నవాళ్ళు నొక్కుకున్నారు, రాయి అన్నవాళ్ళు అన్నారు. అత్త దేముడమ్మ ఇద్దరి వంతూ తనే ఏడ్చింది. కనక నీళ్ళు మోసింది, కాఫీ పళ్ళు ఆరబోసింది, పిల్లకి అంబలి పట్టింది. బాధగా ఉందా అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో ఆమెకే తెలియదు. చలికి కాళ్ళు తిమ్మిరెక్కితే గిల్లినా తెలియదు చూడండి, ఆమెకి ఒళ్ళంతా అలా అయిపోయింది.

ఇవాళ ఫల్గుణ డుమాని పిలిచే రోజు. డుమా అంటే పోయినవాడి ప్రాణం. కొండ మీద పోయినవాడి డుమాకి ఇంటి దారి తెలుసు, తనే వస్తుంది. పరాయి దేశంలో పోయినవాడికి దారి తెలియదు, పిలుచుకోవాలి. పిలవాలంటే వాడి చెమట పట్టిన గుడ్డ ఉండాలి. దాన్ని వాకిట్లో చాప మీద పరిచి, దిసారి బియ్యం చల్లి, పేరు పెట్టి పిలుస్తాడు. అప్పుడు ఆ గుడ్డ దగ్గర ఏదో ఒకటి పలకాలి. కీచురాయి అరిచినా సరే, బల్లి పలికినా సరే. పలికిందంటే వచ్చినట్టే. కొత్త సామలు తినే పండగ దాకా ఆ గుడ్డకి నీటి చుక్క తగలనివ్వరు. తడిసిందా, డుమా జారిపోతుంది. జారిపోయిన డుమా మళ్ళీ రాదు.

కానీ గుడ్డేది? ఫల్గుణ ఒంటి మీద బట్టలు పెట్టెలోకి వెళ్ళాయో ఎక్కడికి వెళ్ళాయో ఎవరూ చెప్పలేదు. అతను ఉన్న గదిలోంచి ఒక్క పీలిక కూడా ఇంటికి రాలేదు. ఇంట్లో వదిలి వెళ్ళిన పాత చొక్కాలు ఎప్పుడో పిల్లకి పొత్తిగుడ్డలై చిరిగిపోయాయి. ఇక మిగిలింది ఒక్కటే, కోటు.

ఆ కోటుని చలికాలం మొదట్లో సెలవుకి వచ్చినప్పుడు ఫల్గుణే తెచ్చాడు. ఆకుపచ్చది, దళసరిది. ప్లాంటు లోపల పని చేసేటప్పుడు వేసుకుని, బయటికొచ్చేటప్పుడు అక్కడే విప్పేసి రావాల్సింది.

"మరెలా తెచ్చినావు?" అని అడిగింది కనక.

"గేటు కాడ మిషను పాడైపోనాది. ఎల్లండెల్లండి అన్నారు. వొచ్చేసినాను" అని నవ్వాడు.

లంబసింగిలో మంచు చూడటానికి టౌను జనం కార్లు కట్టుకుని వస్తారు. ఇక్కడ మంచే తలుపు సందుల్లోంచి ఇంట్లోకి వస్తుంది. "దీన్లోకి సలి దూరదే. గుంటని సుట్టి పడుకోబెట్టు" అన్నాడు. పిల్లకి అదే మొదటి చలికాలం. పేరు బేబి. ఆసుపత్రిలో కట్టిన చీటీ మీద బేబి అని ఉంటే, అదే పేరనుకుని తండ్రి మురిసిపోయాడు. ఆ తర్వాత మార్చడానికి ఎవరికీ తీరిక లేకపోయింది.

ఆ సెలవులోనే ఒకసారి, అక్కడ ఏటి పని అని అడిగింది. ప్లాంటు ఆపినప్పుడు లోపలికెళ్ళి తుడవడం, గొట్టాలు విప్పడం అన్నాడు.

"గుండెల మీద ఓ బిళ్ళ ఎడతారు. అది నిండిపోతే ఇంక పనివ్వరు. అందుకని మేస్త్రి దాన్ని బయట మేకుకి తగిలించేసి లోనికి పొమ్మంటాడు."

"ఏటి నిండుద్ది?"

"కనబడదే."

కనబడనిది ఎలా నిండుతుందని ఇద్దరూ నవ్వుకున్నారు.

జీపులోంచి ఇద్దరు దిగారు. పెద్దాయన పేరు సర్వేశ్వరరావు, ప్లాంటులో భద్రతా అధికారినని చెప్పుకున్నాడు. కుర్రవాడి పేరు భాను, చేతిలో పిడి ఉన్న పసుప్పచ్చ పెట్టె.

"ఫల్గుణగారి భార్య ఎవరమ్మా?" అన్నాడు సర్వేశ్వరరావు.

బతికుండగా ఫల్గుణని గారు అన్నవాడు లేడు. ఊళ్ళోవాళ్ళు ఆ గారు ఎవరా అని ఒక క్షణం చూసి, కనక వైపు తిరిగారు.

"అమ్మా, ఆయన ప్లాంటు సామాను ఏమైనా ఇంటికి తెచ్చారా? తువ్వాలు, చేతి తొడుగులు, బూట్లు, అలాంటివి."

"నేదు" అంది కనక.

కోటు లోపలే ఉంది. బేబి దాంట్లో నిద్రపోతోంది. లేవగానే తెచ్చి చాప మీద పరుద్దామనే అందరూ వాకిట్లో కాచుకుని కూర్చున్నారు. ఆ సంగతి మంగ్లుకి తెలుసు, దేముడమ్మకి తెలుసు, డప్పు పట్టుకున్నవాడికీ తెలుసు. ఒక్కరూ నోరు విప్పలేదు. పంచాయతీ పెడితే పది మాటలయ్యే ఊరు, ఆ ఒక్క అబద్ధం దగ్గర ఏకమైంది.

సర్వేశ్వరరావు మంచివాడిలాగే మాట్లాడాడు. "మిమ్మల్ని ఏమీ అనడానికి రాలేదమ్మా. ఆయన గదిలో బట్టలకి మా మిషను మోగింది. అలాంటివి ఇంట్లో ఉండకూడదు. చిన్నపిల్లలున్న ఇంట్లో అసలే ఉండకూడదు."

"ఉంటే ఏటవుద్ది?"

"ఇప్పుడేమీ కాదు. ఎప్పుడో, కొన్నేళ్ళకి... కావచ్చు, కాకపోవచ్చు."

కనక చాప వైపు చూసింది. ఖాళీ చాప, దాని పక్కన కాళ్ళు కట్టేసిన కోడిపుంజు. చలికాలమంతా పిల్ల ముక్కు ఆ కోటు మెడలో దూర్చి పడుకున్న సంగతి గుర్తొచ్చింది. లేచి లోపలికి నడిచింది.

దేముడమ్మ కొంగు పట్టుకుంది. "ఒలే, ఎక్కడికే?"

"కోటుకి."

"అదిచ్చేస్తే మరి నా కొడుకెలా వొత్తాడే?"

కొంగు విడిపించుకుని లోపలికెళ్ళింది, నిద్రపోతున్న పిల్ల ఒంటి మీంచి కోటు లాగింది. పిల్ల ఉలిక్కిపడి లేచి ఏడుపు మొదలుపెట్టింది. ఒక చంకన పిల్లని ఎత్తుకుని, ఇంకో చేత్తో కోటు తెచ్చి చాప మీద పడేసింది.

భాను తొడుగులు వేసుకున్నాడు. పెట్టె తెరిచి, వైరు చివర ఉన్న గొట్టాన్ని కోటు దగ్గరికి పోనిచ్చాడు. వేడి పెనం మీద జొన్నలు పేలినట్టు టపటపా మోగింది.

గుప్పెట్లో బియ్యం అలాగే పట్టుకుని ఉన్న మంగ్లు ఒక అడుగు ముందుకు వేశాడు. "ఫల్గుణా!" అని పిలిచాడు. మిషను మోగింది. బియ్యం చల్లి మళ్ళీ పిలిచాడు. మళ్ళీ మోగింది.

"ఓలమ్మా, పలికినాడు! నా కొడుకు పలికినాడు!" అంటూ దేముడమ్మ కోటు మీద పడిపోయింది.

"ముట్టుకోకండి, ముట్టుకోకండి!" అని సర్వేశ్వరరావు వెనక్కి లాగాడు. ఈ జనం ఎందుకు నవ్వుతున్నారో, ఎందుకు ఏడుస్తున్నారో, డప్పు ఎందుకు మోగుతోందో ఆయనకి అంతుపట్టలేదు. పెద్ద చదువుల్లో డుమా పాఠం ఉండదు. భాను కోటుని మందపాటి ప్లాస్టిక్ సంచిలో కుక్కి, సంచిని జీపులోని డ్రమ్ములో వేసి మూత బిగించాడు.

దేముడమ్మ జీపు వెనక చక్రం పట్టుకుని కూలబడింది. "ఒకపాలి పెట్టెలో తెచ్చి మొకం సూడనివ్వనేదు. ఇప్పుడు డబ్బాలో ఎట్టి తీసుకెలిపోతన్నారు. మీకు నా కొడుకుతోటి ఏటి పనయ్యా?"



అప్పుడు మంగ్లు మెల్లగా అన్నాడు. "గుంట రేయల్లా దాన్లోనే గదా పడుకుంది."

దేముడమ్మ ఏడుపు ఆగిపోయింది. లేచి వచ్చి, కనక చంకలోంచి పిల్లని లాక్కుని భాను ముందు ఎత్తి పట్టుకుంది. "దీని మీద ఎట్టు బాబూ!"

"ఎట్టండి" అంది కనక కూడా.

అత్తాకోడళ్ళు ఒకే మాట మీద నిలబడటం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. ఒకామె మోగాలని దండం పెడుతోంది. ఇంకొకామె మోగకూడదని.

"మేం వచ్చింది సామాను కోసం..." అని సర్వేశ్వరరావు నసిగాడు. భాను వినిపించుకోలేదు. పిల్ల తల మీద పెట్టాడు. ఒకటీ అరా చిటుక్కుమంది, అంతే. అరచేతుల మీద అంతే. పొట్ట మీద అంతే. భాను పిల్లని తిప్పమన్నాడు. వీపు మీద, మెడ కింద పెట్టాడు.

టపటపా మోగింది. కోటుకి మోగినంత గట్టిగా కాదు గానీ మోగింది.

"వొచ్చినాడు! గుంటలోకి వొచ్చినాడు!" దేముడమ్మ పిల్లని గుండెకి హత్తుకుని గిర్రున తిరిగింది. డప్పు అందుకుంది. ఆడవాళ్ళు గొంతు కలిపారు. పుంజుని లాక్కొచ్చి కోశారు. ఇన్నాళ్ళూ ఊరి మీద పడుకుని ఉన్న చావు ఆ నిమిషాన లేచిపోయినట్టయింది.

కనక మాత్రం భాను మొహమే చూస్తోంది. అతను పెట్టె పక్కనున్న బొత్తాం తిప్పాడు, చప్పుడు ఆగింది. గొట్టాన్ని మళ్ళీ పిల్ల వీపు దగ్గరికి తెచ్చి చూశాడు. చప్పుడు లేకపోయినా పెట్టె మీది అద్దంలో ముల్లు మాత్రం లేచి నిలబడే ఉంది. అతను మూత పెట్టేశాడు.

"ఏటి బాబూ?"

సర్వేశ్వరరావు చెప్పాడు. "కొంచెమే అమ్మా. పైపైన అంటుకుంది. సబ్బు పెట్టి బాగా రుద్ది కడగండి, పోతుంది."

"లోనికెల్లుంటే?"

"ఒకసారి పెద్దాసుపత్రిలో చూపించండి."

"ఏటని సెప్పి సూపించాలి?"

ఆయన జీపెక్కి కూర్చుని, సమాధానం వెతుకుతున్నట్టు డ్రైవరు వైపు చూశాడు. డ్రైవరు బండి తీశాడు. భాను వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు, మలుపు దాకా.

మంగ్లు పిల్ల మెడలో పసుపు దారం కట్టాడు. "గుడ్డకైనా గుంటకైనా ఒకటే నియమం. కొత్త సామల దాకా దీని ఒంటి మీద నీటి చుక్క పడకూడదు" అన్నాడు. అందరూ తలలూపారు. కొత్త సామలంటే వానలు వచ్చి, వెళ్ళిపోయాక.

దేముడమ్మ పిల్లని ఒళ్ళో పెట్టుకుని ఫల్గుణతో మాట్లాడుతోంది. ఎన్నాళ్ళకి వచ్చావురా అంటోంది, తిన్నావా అంటోంది. కొడుకు పోయాక ఆమె మొహంలో వెలుగు కనబడింది ఇవాళే. అది చూస్తే కనకకి జాలేసింది. నిజంగానే జాలేసింది. అయినా దగ్గరికెళ్ళి చేతులు చాచింది.

"ఇలాగియ్యత్తా, పాలిస్తాను."

ఇచ్చింది. కనక వంటింట్లోకెళ్ళి గూట్లో ఉన్న సబ్బు కొంగులో చుట్టుకుని, పెరటి దారిన గెడ్డలోకి దిగింది.

వాగు నీళ్ళు కొరికేస్తున్నాయి. పిల్లని రాయి మీద బోర్లా పడుకోబెట్టి, వీపు మీద నీళ్ళు పోసి, సబ్బు రాసి రుద్దింది. పిల్ల కెవ్వుమంది. ఆ కేకకే దేముడమ్మకి తెలిసిపోయింది. ఒడ్డు మీదికి పరుగెత్తుకుంటూ వచ్చింది, వెనకాల ఊరు.

"కడిగెయ్యకే! నా కొడుకుని కడిగెయ్యకే! నీకు దండం ఎడతానే!"

కనక చెయ్యి ఆపలేదు. "ఆడొచ్చింది నిజమే అత్తా" అంది. "అందుకే కడుగుతన్నాను."

మెడ కింద రుద్దింది, చెవుల వెనక రుద్దింది, వేళ్ళ సందుల్లో రుద్దింది. పసుపు దారం తెగి నీళ్ళలో పోయింది. మొగుడి శవానికి ఒక్క చెంబు నీళ్ళు పొయ్యనివ్వలేదు ఆమెని. ఇప్పుడు దోసిళ్ళతో పోస్తోంది. పోస్తూ పోస్తూ ఉండగా గొంతులోంచి ఏదో తన్నుకొచ్చింది. ముందు అది తనదని ఆమెకే తెలియలేదు. పిల్ల ఏడుపు కన్నా గట్టిగా ఏడ్చింది.

"ఇన్నాళ్ళకి మొగుడి కోసం ఏడిసింది" అని ఒడ్డు మీద ఎవరో అన్నారు.

సబ్బు నురగ గెడ్డ వెంట దిగువకి పోయింది. దిగువన ఇంకో ఊరివాళ్ళు బిందెలు ముంచుకునే రేవుంది. పిల్ల వీపు ఎర్రగా కందిపోయింది. కనక ఏడుపు ఆపి, కళ్ళు తుడుచుకుని, ఆ వీపు వైపు చూసింది. కందిన ఎరుపు తప్ప అదెప్పటి వీపే. పోయిందో ఉందో చూసి చెప్పడానికి మిషను లేదు.

మళ్ళీ సబ్బు రాసింది.