ఓడలో వంటమనిషికి పిలుపు

నార్వేలోని ట్రోన్‌హైమ్‌లో గుడ్రున్ ఇంట్లో నెలకోసారి పుస్తక మిత్రులు కలుస్తారు. నవలల్లోంచి ఎవరినైనా భోజనానికి పిలవచ్చంటే ఎవరిని పిలవాలన్న చర్చ ఆ రోజు గంట దాటినా తెమల్లేదు.

"డిటెక్టివ్ ఉంటేనే మజా," అన్నాడు హాల్వర్.

"వాడొస్తే నా ఇంట్లో ఎవరో ఒకరు చావాలి," అని గుడ్రున్ విసుక్కుంది.

"అయితే రాణిగారిని పిలుద్దాం," అంది ఇన్‌గున్. "ఆవిడకి చేపముళ్లు ఏరిపెట్టాలి మరి!"

అందరూ గుడ్రున్ వైపే చూశారు. ఏడేళ్లుగా వీళ్లకు సూప్ కాచేదీ, గిన్నెలు కడిగేదీ ఆమే. ఆమెకు ఒళ్లు మండింది.

"నేను పిలిచేది ఒక్కరినే. పోయిన నెల చదివాం కదా, ఓడలో వంటమనిషి. నాలుగొందల పేజీల్లో ఒక్కపూటైనా ఆమె కూర్చుని తిన్నట్టు లేదు. ఆమె పక్కన నేను కూర్చుంటా. వడ్డించేది మీరు."

హాల్వర్ లేచి వంటగదిలోకి వెళ్లి, "గరిటె ఎక్కడుంది?" అని కేకేశాడు.

"వెతుక్కో," అంది గుడ్రున్, కుర్చీలో వెనక్కి వాలుతూ.