తెస్సారి గారు శాంతించిన రోజు

ఇటలీ నుంచి వచ్చిన తెస్సారి గారు మొదటి రోజు మా ఆఫీసు అద్దాలు అదిరేలా అరిచాడు. రొయ్య రంగు బాగాలేదన్నాడు, ప్యాకింగ్ బాగాలేదన్నాడు, చివరికి మేమిచ్చింది అసలు కాఫీయే కాదన్నాడు. ఎక్స్‌పోర్ట్ వ్యవహారాలు చూసేది నేనే కాబట్టి నేనూ తగ్గలేదు. రంగు సంగతి ఒప్పుకోనన్నాను. తలతో సహా రొయ్యలు కావాలంటే, ఈ ఎండల్లో ఆయన అడిగినంత తొందరగా ఫ్రీజ్ చేసి ఇవ్వడం మా వల్ల కాదని బల్ల గుద్ది చెప్పాను. ఆయన చేతులు తిప్పుతూ మళ్లీ అరిచాడు. అరుస్తూనే కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు, మా ఇంట్లో ఎవరెవరున్నారని అడిగాడు, వాళ్లమ్మ రొయ్యలు ఎలా వండేదో చెప్పాడు. నాకు ఆ మనిషి తెగ నచ్చాడు. బేరం దారిలో పడిందనుకున్నాను.

మా యజమాని పెంచలకృష్ణ గారికి మాత్రం చెమటలు పట్టాయి. ఆయనది మాగాణి వైపు వరి పండించే కుటుంబం. ఇంటికొచ్చిన మనిషితో గొంతు పెంచితే పెట్టిన అన్నం కూడా దండగేనని నమ్మే రకం. అమెరికా సుంకాలు పెరిగాక పాత సరుకంతా అమ్ముడుపోక మా కోల్డ్ స్టోరేజీ నిండిపోయింది. ముత్తుకూరు అవతల ఆయన రొయ్యల గుంటల్లో కొత్త పంట పట్టుబడికి, అంటే నీళ్లు తీసేసి రొయ్య పట్టే అదునుకి, వచ్చింది. తెస్సారి కొంటే కంపెనీ నిలబడుతుంది, కొనకపోతే మూతపడుతుంది. ఆ సంగతి గేటు దగ్గర వాచ్‌మన్‌కి కూడా తెలుసు.

"ఏందమ్మా రెజీనా, దేశంగాని దేశం నుంచి వచ్చినోడి మీద అట్లా పడితే ఎట్లా? నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు" అన్నాడాయన ఆ సాయంత్రం.

"ఆయనకి కోపం లేదన్నా. వాళ్ల బేరమే అంత. మనం ఎదురు చెప్తేనే మనల్ని నమ్ముతాడు."

"రేపు నువ్వు మాట్లాడబాకమ్మా. మా బావమరిది చూసుకుంటాడు."

ఆ బావమరిది కామాక్షయ్య గంగిరెద్దుకి సొంత తమ్ముడు. మర్నాడు తెస్సారి రంగు బాగాలేదంటే "అవును సార్" అన్నాడు. ప్యాకింగ్ మార్చాలంటే "మార్చేస్తాం సార్" అన్నాడు. తలతో సహా అంత తొందరగా ఇవ్వగలరా అంటే "అయిపోద్ది సార్" అన్నాడు. తెస్సారి నా వైపు చూశాడు. నేను నోరు విప్పబోతే పెంచలకృష్ణ గారు కళ్లతోనే ఆపేశాడు. తెస్సారి కావాలనే ఒక అసాధ్యమైన గడువు చెప్పాడు. కామాక్షయ్య దానికీ తలూపాడు.

ఒక్కో "అవును"కీ తెస్సారి గొంతు ఒక్కో మెట్టు దిగింది. అంతసేపూ గాల్లో తిరిగిన చేతులు బల్ల మీద కదలకుండా ఉండిపోయాయి. మొరిగే కుక్క కరవదంటారు. మొరగడం మానేసరికి నాకు భయమేసింది.

భోజనానికి చేపల పులుసు తెప్పించారు. తెస్సారి సముద్రం గురించి, మా పిల్లల చదువుల గురించి అడుగుతుంటే, కామాక్షయ్య మధ్యలో "మరి మన డీల్ సంగతి సార్?" అన్నాడు. తింటున్నప్పుడు వ్యాపారం ఎత్తకూడదని ఇటలీ వాళ్లకి పట్టింపు. తెస్సారి స్పూను పక్కన పెట్టి మూతి తుడుచుకున్నాడు. "తప్పకుండా ఆలోచిస్తాను. భోజనం అద్భుతంగా ఉంది" అని ఎంతో మర్యాదగా అన్నాడు. కోటు గుండీలు పెట్టుకుని అందరికీ పేరుపేరునా దణ్ణం పెట్టి కారెక్కాడు.

"చూసినావా, ఎంత మెత్తబడిపోయినాడో! పద, గుంట దగ్గరికి పోదాం. ఈ రోజే పట్టుబడి మొదలుపెడతాం" అన్నాడు పెంచలకృష్ణ గారు.

"ఆయన మెత్తబడలేదన్నా, మనల్ని వదిలేసినాడు. రెండు రోజులు ఆగండి. నీళ్లు తీసేసినాక ఆ రొయ్యని ఎక్కడ పెట్టుకుంటాం?"

"మంచి పనికి పోతా అపశకునం మాటలు మాట్లాడబాక."

సాయంత్రం గుంట గట్టు మీద ఆకు కదల్లేదు. దూరంగా కరెంటు ప్లాంటు గొట్టాల మీద పొగ నిటారుగా నిలబడి ఉంది. తూము దగ్గర మనుషులు సిద్ధంగా ఉన్నారు. అప్పుడే తెస్సారిని మద్రాసు ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్తున్న డ్రైవర్ ఏసుమణి నాకు ఫోన్ చేశాడు. పెంచలకృష్ణ గారు స్పీకర్ పెట్టమన్నాడు.

"అక్కా, దొర నాయుడుపేట దగ్గర ఇంకో రొయ్యల కంపెనీ ముందర ఆపమన్నాడు. లోపలికి పోయి చాలాసేపయింది. ఒకటే అరుపులు. ఈయనా అరస్తా ఉండాడు, ఆ కంపెనీ ఆయనా అరస్తా ఉండాడు. కొట్టుకుంటారేమోనని భయంగా ఉందక్కా."

పెంచలకృష్ణ గారి ముఖం వెలిగిపోయింది.

"పాపం, వాళ్లతో పొసగలా. ఇప్పుడు తెలస్తది మన విలువ" అని తూము ఎత్తమని చేయి ఊపాడు.

"వద్దన్నా!" అని అరిచాను. తెస్సారి మీద కూడా అంత గట్టిగా అరవలేదు నేను.

"చూడు, మళ్లీ అరుపులు. ఆడపిల్లవి, నిదానం నేర్చుకోమ్మా" అన్నాడు ఆయన ప్రేమగానే. తూము పలక లేచింది. నీళ్లు కాలవలోకి పడ్డాయి.